ముట్లుడగడం, లోపం, ప్రమాదం: ఒక శరీరావస్థకు పేర్లు, ఒక చికిత్సకు చరిత్ర

పేరు చెప్పేది, పేరు దాచేది

తెలుగులో 'ఉడుగు' అనే క్రియకు మానడం, తగ్గడం, అణగడం అన్న అర్థాలున్నాయి. వాన ఉడుగుతుంది, గాలి ఉడుగుతుంది, వయసు ఉడుగుతుంది, ముట్లూ ఉడుగుతాయి. నడివయసులో స్త్రీకి ఋతుస్రావం శాశ్వతంగా నిలిచిపోవడాన్ని తెలిపే 'ముట్లుడగడం' అన్న మాటలో రోగసూచన ఏదీ లేదు. కాలక్రమంలో తనంతట తాను తగ్గేదేదో తగ్గిందన్న భావం మాత్రమే ఉంది. అయితే సమాసంలోని మొదటి పదం అంత నిష్కల్మషమైనది కాదు. 'ముట్టు' అంటే తాకడం. తాకరాని రోజులకు తాకడమనే పేరే స్థిరపడడం భాషలోని విపర్యాసం. ఆ రోజులు ఉడగడమంటే మైల, దూరం ఉడగడం కూడా. మడి కట్టుకొని వంట చేయడానికి, నోములు వ్రతాలు ఆటంకం లేకుండా జరిపించడానికి ఇంట్లో పెద్దావిడకు దక్కిన అధికారానికి ఇదొక మూలం.

పత్రికల్లో కనిపించే 'ఋతువిరతి' సంస్కృత సమాసం. ఇప్పుడు ఇళ్ళలో కూడా వినిపిస్తున్న 'మెనోపాజ్' గ్రీకు ధాతువులతో ఫ్రాన్సులో తయారై ఇంగ్లీషు మీదుగా వచ్చిన పదం. ఈ మూడు పేర్లకూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. మూడూ పైకి కనిపించే స్రావం ఆగడాన్నే చెబుతాయి. అండాశయంలో అండాలు తరిగిపోవడం, ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉత్పత్తి పడిపోవడం అనే లోపలి సంగతి ఏ పేరులోనూ లేదు. ఒంట్లోంచి ఎగదన్నే ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, గుండెదడ, యోనిలో పొడిబారడం, ఎముకలు గుల్లబారడం ఆ లోపలి మార్పుతో ముడిపడినవి. స్రావం ఆగడం దాని గుర్తు మాత్రమే. గుర్తునే అసలు విషయంగా తీసుకోవడం వల్ల వచ్చిన చిక్కు తెలుగు నేలమీద ఎంత పెద్దదో ఈ వ్యాసం చివరి భాగంలో తెలుస్తుంది.

సుశ్రుతుడు రజస్సు పన్నెండేళ్ళకు మొదలై, శరీరం వార్ధక్యంతో పండిన దశలో యాభై ఏళ్ళకు క్షయిస్తుందన్నాడు. ఆ మాటను చికిత్సాస్థానంలో కాక, శరీరతత్త్వాన్ని వివరించే శారీరస్థానంలో చెప్పడం గమనార్హం. ఐరోపాలో దృష్టి వేరుగా సాగింది. ఫ్రెంచి వైద్యుడు గార్దాన్ 1816లో 'సంక్లిష్ట వయస్సు'లో అడుగిడే స్త్రీలకు సలహాలిస్తూ ఒక గ్రంథం రాశాడు. 1821 నాటి రెండో కూర్పులో 'మెనోపాజ్' అన్న మాటను గ్రంథనామంలోకి తెచ్చాడు. లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ 1857లో జీవిత పరివర్తనను ఆరోగ్య, అనారోగ్య దశలుగా వివరించే పుస్తకం ప్రచురించాడు. నెత్తురు తీయించడం, నల్లమందు ఇవ్వడం నాటి చికిత్సలు. వయసుకు పేరు పెట్టిన చేతులే దానికి మందు కూడా వెతికాయి.

లోపంగా మారిన వయసు

1890లలో జర్మన్ వైద్యులు జంతువుల అండాశయాల నుంచి చేసిన మందును స్త్రీలకు ఇచ్చి చూశారు. శస్త్రచికిత్సతో అండాశయాలు పోగొట్టుకున్నవారికి పోయినదాన్ని తిరిగి ఇవ్వవచ్చునన్నది ఆ ప్రయత్నం వెనుక ఉన్న ఊహ. 1929లో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీ, జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ వేర్వేరుగా ఈస్ట్రోన్ అనే హార్మోనును శుద్ధరూపంలో వేరుచేయడంతో ఊహకు రసాయనం దొరికింది. తర్వాత మార్గం సుగమమైంది. చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ల మిశ్రమాన్ని ఏయర్స్ట్ కంపెనీ 'ప్రెమారిన్' పేరుతో 1941లో కెనడాలోనూ, 1942లో అమెరికాలోనూ మార్కెట్‌లోకి తెచ్చింది. చూలు, గుర్రం, మూత్రం అనే మూడు ఇంగ్లీషు మాటల ముక్కలు కలిపి కుట్టినదే ఆ పేరు.

మందు ఉన్నంతమాత్రాన వాడకం విస్తరించదు. వయసును జబ్బుగా చెప్పేవారు కావాలి. ఆ పని న్యూయార్క్ స్త్రీవైద్యుడు రాబర్ట్ విల్సన్ చేశాడు. 1966లో వెలువడిన ఆయన పుస్తకం 'ఫెమినిన్ ఫరెవర్' ముట్లుడగడాన్ని 'లోపవ్యాధి'గా నిర్వచించింది. మధుమేహానికి ఇన్సులిన్ ఎలాగో దీనికి ఈస్ట్రోజెన్ అలాగన్నది ఆయన వాదం. పుస్తకంలోని ఒక ఉదంతం ఆ వాదం ఎవరి వైపు నిలబడిందో పట్టిస్తుంది. బ్రూక్లిన్ నేరసామ్రాజ్యానికి చెందిన ఒక వ్యక్తి వైద్యుడి గదికి వచ్చి, తన భార్య సణుగుడు భరించలేకపోతున్నానని, ఆమెను బాగుచేయకపోతే చంపేస్తానని తుపాకి చూపి చెబుతాడు. విల్సన్ ఈ ఉదంతాన్ని హార్మోను అవసరానికి సాక్ష్యంగా వాడుకున్నాడు. ఇక్కడ బాధ చెప్పుకొన్నది భర్త, చికిత్స పొందవలసింది భార్య. ఆమె నోట ఒక్క ఫిర్యాదు వినకుండానే రోగనిర్ణయం పూర్తయింది. విల్సన్ నెలకొల్పిన పరిశోధనా సంస్థకు హార్మోన్లు తయారుచేసే కంపెనీల డబ్బు అందిందన్న సంగతి తర్వాత వెలుగులోకి వచ్చింది.

మందు అమ్మకం, సలహా ఒకే చేతి మీదుగా నడవడం అమెరికాకే ప్రత్యేకం కాదు. 1928లో మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' మాసపత్రిక ప్రారంభించిన కె.ఎన్. కేసరి, స్త్రీల గర్భాశయ రోగాలకని 'లోధ్ర' తయారుచేసి అమ్మిన కేసరి కుటీరానికి కూడా అధిపతి. రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించిన ఆ పత్రిక తెలుగు స్త్రీల రచనకు చేసిన మేలు తక్కువది కాదు. అయినా స్త్రీ శరీరాన్ని గురించిన అచ్చు మాట, స్త్రీకి అమ్మే సీసా పక్కపక్కనే తెలుగు ఇంట్లోకి వచ్చాయన్నది కూడా వాస్తవమే. తేడా ఎక్కడుందంటే, లోధ్ర స్రావానికి సంబంధించిన బాధలకు మందు. విల్సన్ మాత్ర వయసుకే మందు.

'లోపం' అన్న పేరుకు తొలి దెబ్బ 1975 డిసెంబరులో తగిలింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒకేసారి వెలువడిన రెండు అధ్యయనాల్లో ఈస్ట్రోజెన్ వాడినవారికి గర్భాశయపు లోపొర కాన్సర్ వచ్చే అవకాశం వాడనివారికంటే ఒకదాని ప్రకారం నాలుగున్నర రెట్లు, రెండోదాని ప్రకారం ఏడున్నర రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. అమ్మకాలు పడిపోయాయి. గర్భాశయం ఉన్నవారికి లోపొరను కాపాడేందుకు ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోను కలపాలన్న నియమం దీనినుంచే పుట్టింది. గర్భాశయం లేనివారికి ఆ రెండోది అవసరం లేదు. ఈ చిన్న విభజన తర్వాతి చరిత్రకంతటికీ కీలకం.

1980లలో మందు మళ్ళీ పుంజుకుంది. ఈసారి యౌవనం పేరుతో కాదు. ఎముకల బలం, గుండె రక్షణ పేర్లతో. 1999 నాటికి అమెరికాలో ఏడాదికి సుమారు 9 కోట్ల హార్మోను చీటీలు రాసేవారు.

పదివేలమందిలో ఎనిమిది

గుండెకు రక్షణ అన్న నమ్మకాన్ని నికరంగా పరీక్షించడానికి అమెరికా ప్రభుత్వం 1991లో 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అనే బృహత్ పరిశోధనను చేపట్టింది. గర్భాశయం ఉన్న 16,608 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, మిగిలినవారికి మందులేని మాత్ర ఇచ్చారు. వారి వయసు 50 నుంచి 79, సగటు 63. ప్రయోగం ఎనిమిదేళ్ళకు పైగా నడవవలసి ఉండగా, సగటున అయిదేళ్ళ రెండు నెలలకే 2002 జూలైలో ఆపేశారు. రొమ్ము కాన్సర్ ముందుగా నిర్ణయించుకున్న హద్దును దాటింది.

పత్రికలకు ఎక్కిన అంకె 26 శాతం. అదే సంగతిని మరోలా చెప్పవచ్చు. ఏడాదికి పదివేలమందిని లెక్కిస్తే మందు వాడనివారిలో 30 మందికి, వాడినవారిలో 38 మందికి రొమ్ము కాన్సర్ వచ్చింది. పెరుగుదల ఎనిమిది. గుండెజబ్బు 30 నుంచి 37కు, పక్షవాతం 21 నుంచి 29కు పెరిగాయి. ఊపిరితిత్తుల నాళాల్లో గడ్డకట్టడం 8 నుంచి 16కు పెరిగింది. తుంటి ఎముక విరగడం 15 నుంచి 10కి, పెద్దపేగు కాన్సర్ 16 నుంచి 10కి తగ్గాయి. '26 శాతం' అన్నా, 'పదివేలకు ఎనిమిది' అన్నా గణితంలో తేడా లేదు. వినే స్త్రీ మనసులో మాత్రం రెండింటికీ ఎంతో దూరం. మొదటిది భయాన్ని కలిగిస్తుంది. రెండోది ఆలోచనకు చోటిస్తుంది. ఎనిమిది చిన్న సంఖ్య కనుక లెక్కలోకి రాదనడమూ సరికాదు. ఆ ఎనిమిదిలో ఒకరైన స్త్రీకి అది నూటికి నూరు.

ఈ ప్రయోగం అడిగిన ప్రశ్న వేరు, లోకం విన్న జవాబు వేరు. అరవై దాటిన, ఆవిర్ల దశను చాలామంది ఎప్పుడో గడిచిన స్త్రీలకు గుండెజబ్బు రాకుండా హార్మోను ఇవ్వవచ్చునా అన్నది పరిశోధకుల ప్రశ్న. ఇవ్వకూడదన్నది జవాబు. యాభై ఏళ్ళ వయసులో రాత్రికి నాలుగుసార్లు తడిసిన జాకెట్టుతో లేచి కూర్చునే స్త్రీకి ఉపశమనం కోసం కొన్నేళ్ళు ఇవ్వవచ్చునా అన్నది వేరే ప్రశ్న. మొదటి జవాబునే రెండో ప్రశ్నకూ అన్వయించారు. లక్షలమంది రాత్రికి రాత్రి మాత్రలు మానేశారు. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈస్ట్రోజెన్ మందులన్నింటి మీదా నల్లగీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించాలన్నది.

గర్భాశయం తీసివేసిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో ప్రయోగం 2004లో ఆగింది. అందులో పక్షవాతం పెరిగింది, తుంటి విరుగుళ్ళు తగ్గాయి, రొమ్ము కాన్సర్ మాత్రం పెరగలేదు. ఈ వార్తకు 2002 నాటి వార్తకున్న ప్రచారంలో పదోవంతైనా దక్కలేదు. భయం మొదటి పేజీలో అచ్చయింది, సవరణ లోపలి పేజీల్లో మిగిలింది.

తర్వాతి ఏళ్ళలో లెక్కలు వయసులవారీగా విడదీసి చూశారు. ముట్లుడిగిన పదేళ్ళలోపు, అరవై ఏళ్ళలోపు మొదలుపెట్టినవారిలో లాభనష్టాల త్రాసు వేరుగా ఉందని తేలింది. 2017లో వెలువడిన 18 ఏళ్ళ లెక్క ప్రకారం మందు వాడినవారిలో మరణాలు 27.1 శాతం, వాడనివారిలో 27.6 శాతం, అంటే తేడా లేదు. దీనితో రొమ్ము కాన్సర్ ఆందోళన తీరిపోలేదు. 58 అధ్యయనాలను కలిపి 2019లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, యాభై ఏళ్ళకు మొదలుపెట్టి అయిదేళ్ళు రెండు హార్మోన్లూ రోజూ వాడితే ఆ తర్వాతి కాలంలో 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము కాన్సర్ వస్తుంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే అయితే 200 మందిలో ఒకరికి. చర్మంమీద అతికించే పట్టీ రూపంలో తీసుకుంటే మాత్రలకంటే గడ్డకట్టే ప్రమాదం తక్కువని కూడా తెలిసింది. 2025 నవంబరులో అదే నియంత్రణ సంస్థ ఆ పెట్టె హెచ్చరికలను చాలావరకు తొలగించే ప్రక్రియ మొదలుపెడుతున్నట్లు ప్రకటించింది. లోపం ప్రమాదమైంది, ప్రమాదం మళ్ళీ అవకాశమవుతున్నది. ఈ ఊగులాటలో స్త్రీ శరీరం మారలేదు. దానికి పెట్టిన పేరు మారింది.

వేడి చేసిందన్న మాట

బాధకు కూడా భాష ఉంటుంది. కెనడా మానవశాస్త్రవేత్త మార్గరెట్ లాక్ 1993లో ప్రచురించిన గ్రంథంలో జపాన్ స్త్రీలను ఉత్తర అమెరికా స్త్రీలతో పోల్చారు. జపాన్‌లో నడివయసు మార్పుకు 'కోనెంకి' అన్న పేరుంది. అది స్రావం ఆగడాన్ని కాక, కొన్నేళ్ళపాటు సాగే పరివర్తనను సూచిస్తుంది. ఆవిర్లకు ప్రత్యేకించిన మాట ఆ భాషలో లేదు. అక్కడి స్త్రీలు భుజాలు పట్టేయడాన్నే ఎక్కువగా చెప్పుకొన్నారు. ఆవిర్లు చెప్పినవారు ఉత్తర అమెరికా స్త్రీలలో దాదాపు మూడోవంతు కాగా, జపాన్ స్త్రీలలో వారికంటే బాగా తక్కువ. ఇది భాష వల్ల వచ్చిన తేడా మాత్రమే కాదనీ, ఆహారం, శరీరస్వభావం, సంస్కృతి కలిసి స్థానికంగా భిన్నమైన శరీరధర్మాలను ఏర్పరుస్తాయనీ ఆమె సిద్ధాంతం.

తెలుగుకు ఈ చూపును అన్వయిస్తే ముందుగా ఎదురయ్యేది 'వేడి చేసింది' అన్న వాడుక. నోట్లో పుండ్లకూ, మూత్రంలో మంటకూ, కళ్ళమంటకూ వర్తించే ఈ మాట నడివయసు ఆవిర్లను కూడా తనలో కలుపుకుంటుంది. మజ్జిగ, సబ్జాగింజల నీళ్ళు, బార్లీ దానికి విరుగుడు. మేలో కోస్తా ఉక్కలో చెమటకు కారణం వెతికేవారుండరు. ఫలితంగా బాధ ఉంటుంది, దాని వెనుక అండాశయం ఉందన్న ఎరుక ఉండదు. అమెరికాలో వివిధ జాతుల స్త్రీలను ఏళ్ళ తరబడి పరిశీలించిన అధ్యయనం 2015లో ఆవిర్లు మధ్యస్థంగా 7.4 ఏళ్ళు సాగుతాయని తేల్చింది. మజ్జిగతో నెట్టుకొచ్చే కాలం కాదది.

గర్భసంచి తీయించడం

భారతీయ స్త్రీలకు సహజంగా ముట్లుడిగే సగటు వయసు సుమారు 46. పాశ్చాత్య దేశాల్లో 51. తెలుగు రాష్ట్రాల ప్రత్యేకత ఇంతకంటే తీవ్రమైనది. 2015–16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం, దేశంలో ఇవే మొదటి స్థానాలు. దేశవ్యాప్తంగా ఆపరేషన్ నాటి మధ్యస్థ వయసు 34. మూడింట రెండు వంతులు ప్రయివేటు ఆసుపత్రుల్లో జరిగాయి. అధిక రక్తస్రావం, కడుపునొప్పి చెప్పిన స్త్రీకి పిల్లలు పుట్టడం అయిపోయింది కదా అన్న తర్కంతో చివరి చికిత్స మొదటి చికిత్సగా మారడం దీనికి ప్రధాన కారణం.

గర్భసంచి తీస్తే ముట్లు ఆగుతాయి. అందుకే తెలుగు వాడుకలో ఆ స్త్రీ ముట్లుడిగినదే. మాట గుర్తు దగ్గరే ఆగిపోయినందువల్ల కలిగే నష్టం ఇక్కడ బయటపడుతుంది. అండాశయాలను ఉంచి గర్భసంచి మాత్రమే తీస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజే ఆగదు. కొందరిలో కొన్నేళ్ళు ముందుగా తగ్గుతుంది. రెండు అండాశయాలూ తీసేస్తే ముప్ఫై నాలుగేళ్ళ స్త్రీ ఒక్క పూటలో యాభై దాటిన స్త్రీ స్థితికి చేరుతుంది. ఎముకలు, గుండె, నిద్ర ఆ రోజు నుంచే లెక్కలోకి వస్తాయి. రొమ్ము కాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే ఇటువంటివారు సహజంగా ముట్లుడిగే వయసు వరకైనా హార్మోను తీసుకోవడం మేలన్నది వైద్యసంఘాలు చాలావరకు ఏకీభవించే సలహా. అరవై మూడేళ్ళ సగటు వయసున్న అమెరికన్ స్త్రీల మీద వచ్చిన 2002 నాటి 26 శాతం ఆమెకు వర్తించే అంకె కాదు. ఆమెకు గర్భాశయం లేదు గనుక ప్రొజెస్టిన్ అక్కర లేదు; ఆమె చూడవలసింది 2004 నాటి లెక్క, అదీ తన చిన్న వయసును కలుపుకొని. ఎవరికి మందు అవసరం ఎక్కువో వారికి అసలు ఆ ప్రశ్నే చేరలేదు. భయం మాత్రం చేరింది.

తెలుగు నేలమీద హార్మోను నిర్ణయం రాజకీయ ప్రశ్నగా ముందుకొచ్చింది ముట్లుడగడం విషయంలో కాదు, గర్భనిరోధం విషయంలో. 1985లో పటాన్‌చెరులో నెట్‌ఎన్ అనే సూదిమందు ప్రయోగంలో స్త్రీలను అది ప్రయోగమన్న సంగతి సరిగా తెలపకుండా చేర్చుకుంటున్నారని హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన అభ్యంతరం చెప్పింది. 1986లో ఇతర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ కృషికి కొనసాగింపుగా 1990ల ఆరంభంలో అన్వేషి బృందం తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీలు అడిగే ప్రశ్నల రూపంలో తెలుగులో చర్చించింది. వైద్యుడు రోగికి చెప్పే పద్ధతి నుంచి స్త్రీలు తమలో తాము తెలుసుకునే పద్ధతికి వచనం మళ్ళడం ఆ పుస్తకంతో గట్టిపడింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ అవసరమా కాదా అన్నంతవరకే ఆ వివాదం; ఆపరేషన్ అయిపోయిన లక్షలమంది ఆ తర్వాత ఎలా బతకాలన్నది దాని పరిధిలోకి రాలేదు.

జాతీయ సర్వే ప్రశ్నావళి కూడా ఇక్కడే ఆగుతుంది. గర్భసంచి తీశారా, ఎన్నేళ్ళయింది, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు అని అడుగుతుంది. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడగదు. చాలామంది స్త్రీలు జవాబు చెప్పలేకపోవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఆ సంగతి ఇంగ్లీషులో ఉంటుంది, ఆ కాగితం బీరువాలో చీరల కింద ఉంటుంది.